స్థానికులకు గదులు లేవు

గ్రేస్ ఫెర్రీలో నది వంపు తిరిగే చోట ఒక మోటెల్ ఉంది. అక్కడ తాళాలిచ్చే బల్ల వెనక గోడకి ఒక బోర్డు ఉండేది. స్థానికులకు గదులు లేవు, అంతే దాని మీద ఉన్న మాట. ఆ బోర్డు పెట్టించింది యజమాని స్టిల్ట్‌నర్ అయినా, దాన్ని కాపాడుకుంటూ వచ్చింది మాత్రం డ్రీమా లిల్లీ. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ బల్ల వెనక కూర్చుంది. పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాళ్ళనీ, తాగి తందనాలాడదామని వచ్చినవాళ్ళనీ, మత్తు మాత్రలు అమ్ముకోవడానికి నాలుగు గోడలు కావాలని వచ్చినవాళ్ళనీ వచ్చిన దారినే పంపించేసింది. ఒకసారి సొంత పిన్ని కొడుకే వచ్చాడు.

"నా మొహం చూసైనా ఇవ్వవే" అన్నాడు వాడు.

"నీ మొహం చూసే ఇవ్వట్లేదురా" అంది డ్రీమా.

ఈ మాట ఊరంతా పాకింది. ఆమెకి అదంటే కాస్త గర్వం కూడా. గదులన్నీ బయటివాళ్ళకే. వెస్ట్ వర్జీనియాలో ఆ లోయకి బొగ్గు గనులు మూతబడ్డాక మిగిలిన తిండి వాళ్ళే. వేసవి వస్తే రబ్బరు తెప్పలెక్కి సుడుల్లో పడి కేకలు పెట్టడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. పొద్దున మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ తింటారు, సాయంత్రం తడిసిన చెప్పులతో వరండా పాడుచేస్తారు, వెళ్తూ వెళ్తూ తువ్వాళ్ళు పట్టుకుపోతారు. ఆ వ్యాపారంలో వాళ్ళకో లెక్క ఉంది, "పడకల మీద తలలు" అంటారు దాన్ని. ఎన్ని తలలు, ఎక్కడి తలలు, దేనికొచ్చిన తలలు అన్నది మోటెల్ కంప్యూటర్ నెలనెలా తనంతట తనే రాజధానికి పంపించేస్తుంది. అక్కడ ఎవరో వాటిని కూడి, ఈ వ్యాపారం వల్ల రాష్ట్రానికి ఇంత ఒరిగిందని ఏడాదికో పుస్తకం వేస్తారు. డ్రీమా ఆ పుస్తకం ఎప్పుడూ తెరిచి చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

ఆమె పుట్టింది ఊరికి ఎగువన లారెల్ బ్రాంచ్ అనే సన్నటి వాగు పక్క. నాన్న గనిలో పైకప్పు కూలి పోయాడు. అమ్మ ఆ దెబ్బకి మంచం దిగలేదు. పక్కింటి ఓకీ ట్రెడ్‌వే, అతని భార్య ఒలెటా, ఆ పిల్లని తమ బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టి పెంచినంత పని చేశారు. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఆమెకి ఆయన ఓకీ బాబాయే. పాత గని రోడ్డు మీద తన ట్రక్కు ఇచ్చి బండి తోలడం నేర్పాడు. మొదటిరోజే ఆమె దాన్ని గట్టు మీదికి ఎక్కించేస్తే, "బాగుంది పిల్లా, ఇప్పుడు దించడం నేర్చుకుందాం" అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ అంతే.

తర్వాత డ్రీమా పెళ్ళి చేసుకుంది. మొగుడి నడుము కూడా గనే తినేసింది. అతని మందులూ డాక్టర్లూ అన్నీ ఆమె ఉద్యోగం ఇచ్చే బీమా మీదే నడుస్తున్నాయి. ఆ బల్లని ఆమె అంత గట్టిగా పట్టుకుని కూర్చోవడానికి కారణం అదే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత ఆమెని తిట్టుకునేటప్పుడు పనికొస్తుంది.

వరద వచ్చింది జూన్‌లో, పట్టపగలు. పిల్లలు దూకి దాటే లారెల్ బ్రాంచ్ ఆ మధ్యాహ్నం ఇళ్ళని పునాదుల మీంచి లేపేసింది. ఓకీ, ఒలెటా కొండ మీదికి ఎక్కడం మొదలుపెట్టారు. సగం దారిలో ఒలెటాకి మందుల డబ్బా గుర్తొచ్చింది. ఆమె మందులు కావు, ఓకీవి. "ఇప్పుడే వస్తా" అని వెనక్కి తిరిగింది. ఆమె రెండు రోజుల తర్వాత దిగువన, రైలు వంతెన దగ్గర దొరికింది.

ఆ సాయంత్రానికి మోటెల్ ముందు లారెల్ బ్రాంచ్ మొత్తం నిలబడి ఉంది. బురద కాళ్ళు, చంకలో పిల్లలు, సంచుల్లో తడిసిన ఫోటోలు. రోడ్లు తెగిపోయి యాత్రికులెవరూ రాలేదు కాబట్టి గదులన్నీ ఖాళీయే. డ్రీమా బోర్డు వైపు చూడనైనా చూడలేదు. వరసగా పేర్లు కొట్టడం మొదలుపెట్టింది. స్థానిక పిన్ కోడ్ కొట్టేసరికి తెర ఎర్రగా మారి కంప్యూటర్ ససేమిరా అంది. ఆ నియమాన్ని అందులోకి ఎక్కించమన్నది కూడా స్టిల్ట్‌నరే. ఆయన ఫ్లోరిడాలో ఉన్నాడు. ఫోన్ చేసింది.

"గదుల డబ్బు గవర్నమెంటు ఇస్తుందట. రేడియోలో చెప్పారు. ఇచ్చెయ్" అన్నాడు.

"ఇద్దామనే ఉందండీ. కంప్యూటర్ తీసుకోవట్లేదు. మనూరి పిన్ కోడ్ కొడితే ఎర్రగా వస్తోంది. ఆ నియమం తీసెయ్యండి."

"అది పెట్టినవాడు ఎప్పుడో మానేశాడు. ఎలా తియ్యాలో నాకేం తెలుసు? ఏదో ఒకటి చెయ్ డ్రీమా. ఎలా చేశావో మాత్రం నాకు చెప్పకు."

ఫోన్ పెట్టేసి ఆమె వరసలో ముందున్న మోజెల్ పెర్సింగర్‌ని అడిగింది. "బయట మీవాళ్ళెవరున్నారే?"

ఆ లోయలో బయట చుట్టాలు లేని కొంప లేదు. గనులు మూతబడ్డప్పుడల్లా ఇంటికొకరు ఒహాయో టైర్ల ఫ్యాక్టరీలకో, కరోలినా మిల్లులకో పోయారు. మోజెల్‌కి ఒహాయోలోని కొలంబస్‌లో చెల్లెలుంది. అయినా ఆ స్థితిలో కూడా మోజెల్ నోరు ఊరుకోదు.

"హవాయి అని రాయి. ఎప్పటినుంచో చూడాలనుంది."

"హవాయిలో నీకెవరున్నారు?"

"ఎవరుంటారు నా తల్లీ! ఉంటే ఈ బురదలో నీ మొహం చూస్తూ ఎందుకు నిలబడతాను?"

వరసలో ఒకరిద్దరు నవ్వారు. డ్రీమా చెల్లెలి చిరునామా కొట్టింది. తెర ఎర్రబడలేదు. ఆ తర్వాత కంప్యూటర్ ఇంకో ప్రశ్న అడిగింది, దేనికొచ్చారని. వ్యాపారం, విహారం, బంధువుల దర్శనం, ఇతరం. "ఇతరం" నొక్కితే వివరం రాయమని ఇంకో గడి తెరుచుకుంటుంది. పిల్లలు చలికి వణుకుతున్నారు. ఆమె వేలు ఏళ్ళ తరబడి అలవాటైన చోటికే పోయింది. విహారం. అందరికీ విహారమే.

ఓకీ వంతు వచ్చింది. అప్పటికి ఒలెటా ఇంకా దొరకలేదు. ఆయన తమ్ముడు డెల్బర్ట్ ఆక్రన్‌లో ఉంటాడు, ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపుతాడు కాబట్టి ఆ చిరునామా డ్రీమాకే తెలుసు. ఆమే కొట్టింది. ఓకీ ట్రెడ్‌వే, ఆక్రన్, ఒహాయో. వచ్చిన కారణం, విహారం. పద్నాలుగో నంబరు గది తాళం ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు.

ఏదో వారం రెండు వారాలనుకున్నది చలికాలం దాటింది. బోర్డుని డ్రీమా బల్ల కింద పడేసింది. గదుల్లో వంట చెయ్యకూడదు, అందరూ చేశారు. స్నానాల తొట్లలో బట్టలు ఉతికారు. ఐసు మిషను పక్కన పిల్లలు బడి బస్సు కోసం నిలబడేవారు. ఓకీ ఊరికే కూర్చోలేక కారే కుళాయిలన్నీ బిగించాడు, తలుపుల బందులకి నూనె పోశాడు. స్టిల్ట్‌నర్ ఒకసారి వచ్చి చూసి, జీతం లేని మనిషి దొరికాడని తెగ సంతోషపడ్డాడు.

డ్రీమాకి సెలవైన రోజు ఇద్దరూ లారెల్ బ్రాంచ్ వెళ్ళేవారు. ఓకీ ఇంటికి మిగిలింది మూడు సిమెంటు మెట్లు. వాటి వెనక ఏమీ లేదు. ఆయన ఆ మెట్ల మీద కూర్చుని ఒలెటా పడుకున్న కొండ వైపు చూసేవాడు. లేచి రాళ్ళు ఏరి పోసేవాడు. నేల చదును చేసి నాలుగు మూలలా మేకులు పాతాడు. వరదలో ఇల్లు పోయినవాళ్ళకి వాళ్ళ స్థలంలోనే పెట్టుకోవడానికి గవర్నమెంటు లారీల మీద తెచ్చి దింపే ట్రైలర్ ఇళ్ళిస్తుందని, జాబితాలో ఆయన పేరుందని చెప్పారు.

"మార్చికి వస్తుందట పిల్లా. వంటగది కిటికీ ఇటు పెట్టమంటాను. పొద్దున కాఫీ తాగుతుంటే ఆవిడ కనిపించాలి."

"పెట్టకపోతే నేనొచ్చి తిప్పిస్తాలే బాబాయ్."

"నువ్వా? నీ చేతికిస్తే గట్టెక్కిస్తావు" అన్నాడాయన. వరద తర్వాత ఆయన నవ్వగా ఆమె చూడటం అదే మొదలు. ఇంటికి వెళ్ళి ఆ మాట మొగుడికి రెండుసార్లు చెప్పింది.

ఫిబ్రవరిలో రాజధాని చార్లెస్టన్‌లో హోటళ్ళవాళ్ళ భోజనం. శాసనసభ నడుస్తుండగా ఏటా పెడతారు. తమ మోటెల్‌కి ఏదో బహుమతి ఉందని, స్టిల్ట్‌నర్ డ్రీమాని వెంట తీసుకెళ్ళాడు. పెద్ద హాలు, గుండ్రటి బల్లలు, ఆరిపోయిన కోడిమాంసం. ఏటా ఆ లెక్కల పుస్తకం వేసే విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ హాస్కెట్ అనే ఆవిడ వేదిక ఎక్కింది. ఆవిడ ఏమీ తలబిరుసు మనిషి కాదు. ఎవరికైనా అర్థమయ్యేట్టే చెప్పింది.

"మన రాష్ట్రం మనిషి మన రాష్ట్రంలోనే హోటల్లో పడుకున్నాడనుకోండి, అది కుడి జేబులోది ఎడమ జేబులో పెట్టుకోవడం. రాష్ట్రానికి కలిసొచ్చేది ఏమీ లేదు. బయటి మనిషి వచ్చి పడుకుంటే అది కొత్త డబ్బు. ఆ మనిషి లేకపోతే ఆ డబ్బు లేదు. మేం కొలిచేది అదొక్కటే."

డ్రీమాకి నచ్చింది. గోడ మీది బోర్డు చెప్పేదీ అదే కదా అనుకుంది. ఆ తర్వాత తెర మీద జిల్లాల వారీగా గీతలు పడ్డాయి. వరద తాకిన జిల్లాలన్నిటికీ గీతలు కుంగిపోయి ఉన్నాయి. ఒక్క గీత మాత్రం పైకి లేచింది. ఆ గీత కింద వాళ్ళ జిల్లా పేరుంది.

"ఇది చూసి మేమే ఆశ్చర్యపోయాం" అంది హాస్కెట్. "వరద వచ్చిన ఏడాదే ఇక్కడికి బయటి రాష్ట్రాల నుంచి విహారానికి వచ్చి, ఎక్కువ రాత్రులు ఉన్నవాళ్ళు ఇదివరకెప్పుడూ లేనంత మంది. ముఖ్యంగా ఒహాయో నుంచి."

హాల్లో చప్పట్లు కొట్టారు. డ్రీమా చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది. ఆ గీత ఏమిటో అక్కడ ఆమె ఒక్కతికే తెలుసు. ఆ గీత మోజెల్. ఆ గీత ఐసు మిషను దగ్గర బస్సు కోసం నిలబడ్డ పిల్లలు. ఆ గీత ఓకీ బాబాయ్. ఆ తర్వాత మైకు అందుకున్న అధికారి ఎవరో గానీ, మాట మాత్రం సూటిగా చెప్పాడు.

"కోలుకున్న చోట ఇక సాయం అక్కర్లేదు. మార్చితో ఆ జిల్లాలో గదుల డబ్బు ఆపేస్తున్నాం. అక్కడికి అనుకున్న ట్రైలర్లని ఇంకా తేరుకోని జిల్లాలకి పంపిస్తాం. ఉన్నవి కొన్నే, అవసరం ఉన్నవాళ్ళకే చేరాలి కదా!"

మళ్ళీ చప్పట్లు. స్టిల్ట్‌నర్ కూడా కొట్టాడు. కాసేపటికి ఆయన్ని పిలిచి చెక్క ఫలకం ఒకటి ఇచ్చారు, ఫోటో తీశారు, డ్రీమాని కూడా పక్కన నిలబెట్టారు.

కోట్లు తగిలించే చోట ఆమె డాక్టర్ హాస్కెట్‌ని పట్టుకుంది.

"అమ్మా, వాళ్ళు బయటివాళ్ళు కారు. మావాళ్ళే. కంప్యూటర్ ఊరివాళ్ళని తీసుకోకపోతే నేనే చుట్టాల చిరునామాలు కొట్టాను."

హాస్కెట్ తొడుక్కోబోతున్న కోటు ఆపేసింది. "ఎంతమందికి?"

"అందరికీ."

ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. నమ్మకపోవడం కాదు, నమ్మింది. "వాళ్ళకోసం వాషింగ్టన్ నుంచి వచ్చిన డబ్బు బయటి డబ్బే అనుకో. కానీ అది విహారం కాదు, విపత్తు. రెండూ ఒక గీతలో పడకూడదు" అని తనలో తనే అనుకున్నట్టు అంది. తర్వాత తల ఎత్తింది. "నేను దిద్దగలను. ట్రైలర్ల ఆర్డరు వచ్చేవారం గానీ బయటికి వెళ్ళదు. కానీ ఊరికే మాట మీద దిద్దలేను. మీరు పంపిన లెక్క తప్పని మోటెలే చెప్పాలి. మీ ఓనరు సంతకం చేస్తే చాలు. శుక్రవారం నేనే ఫోన్ చేస్తాను."

తిరుగు ప్రయాణంలో ట్రక్కులో డ్రీమా విషయం చెప్పింది. స్టిల్ట్‌నర్ బండి నడుపుతూనే బదులిచ్చాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే చెప్పాడు.

"వాషింగ్టన్ గవర్నమెంటుకి నేను పంపిన బిల్లుల్లో వాళ్ళు వరద బాధితులు. రాష్ట్రానికి వెళ్ళిన లెక్కలో వాళ్ళే ఒహాయో టూరిస్టులు. అదే మనిషి, అదే రాత్రి. దీన్ని కోర్టులో ఏమంటారో తెలుసా నీకు?"

"మీరే కదండీ ఏదో ఒకటి చెయ్యమన్నది."

"అన్నానా? నేను ఫ్లోరిడాలో ఉన్నాను డ్రీమా. ఆ కీబోర్డు మీద ఉన్నవి నీ వేళ్ళు. నేను సంతకం పెట్టను. నువ్వు నోరు విప్పితే విప్పు. కానీ సోమవారం నుంచి ఆ బల్ల వెనక ఇంకొకరు కూర్చుంటారు. మీ ఆయన నడుముకి ఇంకో ఆపరేషన్ ఉందన్నావు కదా?"

దారంతా ఆమె ఒళ్ళో ఆ చెక్క ఫలకం పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఓకీకి జరిగిందంతా చెప్పేసింది, స్టిల్ట్‌నర్ బెదిరింపు ఒక్కటి తప్ప. "నేను చూసుకుంటా బాబాయ్. శుక్రవారం ఆవిడ ఫోన్ చేస్తుంది. లెక్క దిద్దుతారు. నీ ట్రైలర్ ఎక్కడికీ పోదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నిజంగానే అలా చెయ్యాలనుకుంది. ఓకీ తల ఊపాడు. ఆమె మీద ఆయనకి నమ్మకం.

శుక్రవారం ఫోన్ మోగేసరికి ఓకీ హాల్లోనే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని కాఫీ మిషను వెనక మూత విప్పి లోపల స్క్రూ బిగిస్తున్నాడు. డ్రీమా ఫోన్ ఎత్తింది. అటు హాస్కెట్.

"ఆయన ఊళ్ళో లేరండీ" అంది డ్రీమా.

అటునుంచి ఏదో అడిగింది. డ్రీమా బల్ల అంచు పట్టుకుంది. పొద్దున ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్ తేదీ ఖాయం చేశారు. బీమా కార్డు నంబరు అడిగి రాసుకున్నారు.

"లేదండీ. నేనే పొరపాటు పడ్డాను" అంది. "కొంతమంది మావాళ్ళు ఉండొచ్చు. మిగతావాళ్ళు... బయటివాళ్ళే. ఆ, బయటివాళ్ళే."

ఫోన్ పెట్టేసింది. ఓకీ స్క్రూ బిగించడం ఆపలేదు. మూత పెట్టాడు, మిషను ఆన్ చేశాడు, నీళ్ళు గుడగుడమంటుంటే కాసేపు చూశాడు. ఒక కప్పు నింపి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని డ్రీమాకి ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ కాఫీ ఆమె తాగలేకపోయింది.

మార్చి చివర్లో ట్రైలర్లు వచ్చాయి. మోటెల్ ముందున్న పెద్ద రోడ్డు మీదుగానే వచ్చాయి, లారీల మీద, ఒకదాని వెనక ఒకటి, తెల్లగా, కిటికీలకి కాగితం అంటించి. లారెల్ బ్రాంచ్‌కి తిరిగే మలుపు దగ్గర ఒక్కటీ ఆగలేదు. మోజెల్ వరండాలోకి వచ్చి, "ఓయ్, ఇటండీ ఇటు! హవాయి ఇటు!" అని అరిచింది. పిల్లలు నవ్వారు. తర్వాత ఆమె గబగబా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది, గంటసేపు ఎవరు కొట్టినా తియ్యలేదు. ఓకీ పార్కింగులో నిలబడి ఆఖరి లారీ వంపు తిరిగేదాకా చూశాడు.

గదులు ఖాళీ చెయ్యమని చెప్పే పని డ్రీమాకే పడింది. తలుపు తలుపుకీ వెళ్ళి చెప్పింది. కొందరు ఆమె మొహాన తిట్టారు, కొందరు కౌగిలించుకున్నారు. తిట్టినవాళ్ళ దగ్గరే ఆమెకి ఊపిరాడింది. ఎవరి చిరునామా ఆమె కొట్టిందో చాలావరకు వాళ్ళు అక్కడికే పోయారు. కొలంబస్‌కి, కరోలినాలోని రాక్ హిల్‌కి, ఆక్రన్‌కి. ఇంకెక్కడికి పోతారు?

ఓకీ సామానంతా రెండు సంచులు. తమ్ముడు డెల్బర్ట్ కారు తీసుకొచ్చాడు.

"వెళ్ళొస్తా పిల్లా. నువ్వు నన్ను జూన్‌లోనే ఆక్రన్ పంపించేశావు, నేనే కాస్త ఆలస్యంగా బయల్దేరాను" అన్నాడు.

అది ఎత్తిపొడుపో, ఎప్పటిలాంటి హాస్యమో ఆమెకి తెలియలేదు. "బాబాయ్, నేను..." అని ఆగిపోయింది. ఆయన ఆమె భుజం తట్టి కారెక్కాడు. ఆ మధ్యాహ్నం స్టిల్ట్‌నర్ బల్ల కింద నుంచి బోర్డు తీసి, తుడిచి, మళ్ళీ గోడకి తగిలించమన్నాడు. పక్కన ఆ చెక్క ఫలకం కూడా. డ్రీమా రెండూ తగిలించింది. మొగుడికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంట్లో నాలుగడుగులు వేస్తాడు, ఆ నాలుగడుగులు చూసినప్పుడల్లా ఆమెకి సంతోషమూ వేస్తుంది, మూడు సిమెంటు మెట్లూ గుర్తొస్తాయి.

మే నెలాఖరున ఆ కొండల్లో సమాధులకి పూలు పెట్టే రోజు వస్తుంది. ఎక్కడున్నవాళ్ళయినా ఆ రోజుకి వస్తారు. గడ్డి కోస్తారు, రాళ్ళు కడుగుతారు, అక్కడే దుప్పటి పరిచి అన్నాలు తింటారు. ఓకీ వెళ్ళిన మరుసటి ఏడాది ఆ రోజుకి ముందు సాయంత్రం మోటెల్ నిండిపోతోంది. తలుపు తెరుచుకుంటే డ్రీమా తలెత్తకుండానే "పేరు చెప్పండి" అంది.

"ట్రెడ్‌వే" అన్నాడు ఓకీ.

చిక్కిపోయాడు. చేతికర్ర వచ్చింది. ఒక చంకలో ప్లాస్టిక్ పూల కుండీ ఉంది. అద్దంలోంచి బయట ఒహాయో నంబరు ప్లేటున్న కారు కనిపిస్తోంది.

"బాబాయ్! మా ఇంటికి రావచ్చు కదా. గదెందుకు?" అంది, లేచి నిలబడి.

"వద్దులే. మీ ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు? పద్నాలుగు ఖాళీగా ఉందా?"

ఉంది. ఆమె కూర్చుంది. పేరు కొట్టింది. చిరునామా దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఆక్రనే" అన్నాడు ఆయన. "కొట్టు. నీకు కంఠతా వచ్చు కదా."

కొట్టింది. తెర ఎర్రబడలేదు. తర్వాతి ప్రశ్న వచ్చింది.

"దేనికొచ్చావని అడుగుతోంది బాబాయ్."

"ఏమేం ఉన్నాయందులో?"

"వ్యాపారం, విహారం, బంధువుల దర్శనం, ఇతరం" అని చదివింది. ఆయన పూల కుండీని బల్ల మీద పెట్టి, దాని వైపు చూస్తూ కాస్త ఆలోచించాడు.

"బంధువుల దర్శనం. ఈసారి నువ్వు అబద్ధం కొట్టక్కర్లేదు పిల్లా" అన్నాడు.

ఆయన మెల్లగానే అన్నాడు. డ్రీమా మీట నొక్కింది. గోడ మీది బోర్డు ఓకీ తల వెనక అద్దంలో తిరగబడి కనిపిస్తోంది. ఆయన తాళం తీసుకుని, కుండీ చంకలో పెట్టుకుని, కర్ర ఊనుకుంటూ వరండాలోకి వెళ్ళాడు. రెండు రాత్రులు. ఆ నెల రాష్ట్రానికి వెళ్ళిన లెక్కలో లారెల్ బ్రాంచ్ ఓకీ ట్రెడ్‌వే నిజంగానే బయటి మనిషి.